వేడినీళ్లు రాని పద్నాలుగు రోజులు

జూన్ 3

రిమ్మా ల్వోవ్నా నా పేరు కొట్టేసి తన పేరు పెట్టుకుంది. అది మొదటి తప్పు. ఒకటో నంబరు సూచన తీసి పారేసింది. అది రెండోది. రెండింట్లో ఏది పెద్దదో ఇంకా తేల్చుకోలేదు.

కాగితం నడవాలో, అద్దం పక్కన, ప్లాస్టిక్ తొడుగులో ఉంది, సగం రష్యన్, సగం ఇంగ్లీషు. ఆవిడ మార్చినచోట ఇంగ్లీషు అచ్చుషాపువాళ్లది. పైన పెద్ద అక్షరాలతో "నొవొసిబిర్స్క్ వచ్చే అతిథులకు ఇరవై సూచనలు" అని ఉంది. కింద "కూర్పు: రిమ్మా ల్వోవ్నా షెస్తకోవా, యజమానురాలు" అని ఉంది. కూర్పట.

దాన్ని గోడకి కొట్టింది కూడా నేనే. పొద్దున్నే "తాయా, సుత్తి పట్రా" అంది. దుమ్ము పడుతుందని పైన న్యూస్‌పేపరు కప్పి పట్టుకుంది. నాలుగు మేకులూ గట్టిగా కొట్టాను. పేపరు తీశాక చదివాను. మేకులు పీకుదామంటే నేను కొట్టిన మేకులు అంత తేలిగ్గా రావు.

నవంబరు నుంచి మార్చి దాకా రాశాను ఆ సూచనలు. ఈ గెస్ట్‌హౌస్‌లో పద్నాలుగు గదులు తుడిచేది, దుప్పట్లు ఉతికేది, కారే కుళాయి బిగించేది, దారి తప్పిన అతిథికి ఫోన్లో దారి చెప్పేది నేను. నాలుగేళ్లయింది. చదువు తొమ్మిదో తరగతితో సరి. ఇంగ్లీషు అతిథులు మర్చిపోయి వెళ్లిన పుస్తకాల్లోంచి, షాంపూ సీసాల వెనక నుంచి నేర్చుకున్నాను. "కళ్లలో పడితే వెంటనే నీళ్లతో కడుక్కోండి" అన్న వాక్యం నాకు ఆరు భాషల్లో వచ్చు. రిమ్మా ల్వోవ్నాకి ఇంగ్లీషులో "వెల్‌కమ్" వచ్చు. అది కాళ్లు తుడుచుకునే పట్టా మీద రాసుంటుంది.

జూన్ 4

పేరు గురించి నాకు పట్టింపు లేదు.

జూన్ 5

పట్టింపు ఉన్నది ఆ కిటికీ గురించి.

స్టేషన్లో ప్రయాణికులకి దారీ తెన్నూ చెప్పే కిటికీలో ఆగస్టు నుంచి ఒక మనిషి కావాలి. అక్కడ పెద్ద వెనియమిన్ సవేల్యెవిచ్. డిప్లొమా అడగడు. మే నెలలో నేను వెళితే తల నుంచి కాలి దాకా చూసి, "నగరం గురించి నువ్వు రాసింది, నీ పేరుతో, నలుగురి కళ్లబడే చోట పెట్టింది ఏదైనా ఉంటే పట్టుకురామ్మా. జూన్ ముప్పై దాకా చూస్తాను" అన్నాడు.

ఉందన్నాను. అప్పటికి కాగితం మీద నా పేరే ఉంది, గోడకెక్కడమే మిగిలింది.

జూన్ 6

ఈ రోజు రిమ్మా ల్వోవ్నా గదికి వెళ్లాను. చెప్పాల్సినవన్నీ మెట్లెక్కుతూ వరసగా అనుకున్నాను. తలుపు తెరిచింది. నా చేతిరాత ప్రతిని ఆవిడ ముఖం ముందు పెట్టి, "ఇది ఎవరిది?" అన్నాను.

"గడప మీద ఇవ్వకు తల్లీ, గొడవలవుతాయి. లోపలికి రా," అంది.

గొడవ కోసమే వచ్చానని చెప్పొచ్చు. కానీ గడప మీద నేను కూడా ఏమీ ఇవ్వను, తీసుకోను. మా అమ్మ అలాగే పెంచింది. పదిహేడో సూచనగా నేనే రాశాను. అందుకని లోపలికి వెళ్లాను. లోపలికి వెళ్తే కూర్చోమంది. కూర్చుంటే టీ పోసింది. రాస్ప్‌బెర్రీ జామ్, వాళ్ల తోటలోది, చెంచా నిండా వేసింది. ఒకరి జామ్ నోట్లో పెట్టుకుని వాళ్లని దొంగ అనడం నాకు చేతకాలేదు.

"చూడు తాయా," అంది, "నీ పేరు పెడితే అతిథి ఏమనుకుంటాడు? నేల తుడిచే అమ్మాయి సలహాలు ఇస్తోందనుకుంటాడు."

"నేల తుడిచే అమ్మాయే ఇస్తోంది కదా."

"అదే అంటున్నా. ఇంక ఆ ఒకటో నంబరు. జూన్‌లో పద్నాలుగు రోజులు వేడినీళ్లు రావని ఎవరైనా గోడకి రాసిపెట్టుకుంటారా? పెళ్లిచూపులకి వచ్చినవాళ్లకి గుమ్మంలోనే పిల్లకి పళ్లు లేవని చెప్పినట్టు."

"లోపలికొచ్చాక నవ్వితే తెలియదా?"

"తెలిసేలోపు డబ్బు కట్టేస్తారు," అని ఇంకో చెంచా జామ్ వేసింది.

రెండు కప్పులు తాగి వచ్చేశాను. కోపం తగ్గలేదు. జామ్ బాగుంది.

జూన్ 8

వంటింట్లో, ఇక్కడ వంట చేసే జోయా పిన్నికి నా ప్రతి, గోడ మీది ప్రతి పక్కపక్కన పెట్టి చదివి వినిపించాను. పిన్ని పెరుగుగడ్డ అట్లు తిప్పుతూ వింది.

నేను రాసింది: "దుకాణంలో అమ్మేవాళ్లు నవ్వకపోతే మీ మీద కోపం అనుకోకండి. నవ్వితేనే అనుమానించండి." ఆవిడ మార్చింది: "మా ప్రజల హృదయాలు వెచ్చనివి."

నేను రాసింది: "మినీబస్సులో వెనక నుంచి భుజం తడితే తిరిగి కొట్టకండి. చిల్లర ముందుకి అందించమని అర్థం." దీన్ని ముట్టుకోలేదు. అర్థం కాలేదేమో, ఆవిడకి కారుంది.

నేను రాసింది: "ఆసుపత్రిలో, ఆఫీసులో వరస కనబడదు. వెళ్లగానే 'చివర ఎవరు?' అని అడగండి. చెయ్యెత్తినవాళ్ల ముఖం గుర్తుపెట్టుకోండి. మీ బతుకు ఇక వాళ్ల వెనకే." ఆఖరి వాక్యం తీసేసింది.

నేను రాసింది: "పూలు కొంటే మూడో ఐదో కొనండి. రెండో నాలుగో అయితే శవం ఎక్కడని అడుగుతారు." తీసేసి "పూలు ఇవ్వడం మా ఆచారం" అని పెట్టింది. ఎవడో పాపం ఆరు గులాబీలు పట్టుకుని ఎవరింటికో వెళతాడు.

ఇక ఒకటో నంబరు చోట, పూర్తిగా తన సొంత సృష్టి: "సైబీరియా ప్రయాణపు అలసటను మరిపించే వేడివేడి షవర్ మా దగ్గర ఏ గంటలోనైనా."

జోయా పిన్ని గరిటె ఆపింది. "ఏ గంటలోనైనానా?"

"ఏ గంటలోనైనా."

"ఏ ఊళ్లోనే?"

జూన్ 11

పాప్లర్ చెట్ల దూది మొదలైంది. మూడుసార్లు తుడిచాను. కిటికీలు మూయమని ఎనిమిదో సూచనలో రాశాను. రిమ్మా ల్వోవ్నా తన కిటికీ తెరిచి పెట్టుకుంది. నాలుగోసారి తుడిచాను.

జూన్ 14

పైపుల తనిఖీ నోటీసు గుమ్మానికి అంటించారు. మా పేటకి 17 నుంచి 30 దాకా వేడినీళ్లు బందు. ప్రతి ఏడూ వస్తుంది, ప్రతి ఏడూ నోటీసు చూసి మెట్ల మీద అందరూ ఆశ్చర్యపోతారు.

మధ్యాహ్నానికి నోటీసు లేదు. రిమ్మా ల్వోవ్నా గాలికి ఎగిరిపోయిందంది. గాలి లేదు.

జూన్ 17

ఆగింది.

జూన్ 18

పొద్దున పది దాటాక ఏడుగురు దిగారు. మలేసియా నుంచి వచ్చిన రిటైరైన టీచరమ్మలు. వ్లదివస్తోక్ నుంచి నాలుగు రోజులు రైల్లో వచ్చారు. అంతసేపు రైల్లో కూర్చున్న మనుషులు ఊరిని చూడరు, స్నానాల గది తలుపుని చూస్తారు. వాళ్ల పెద్ద హస్నా టీచర్. పొట్టిగా ఉంటుంది, కళ్లద్దాల మీంచి చూస్తుంది. ఆ చూపుకి నేను తొమ్మిదో తరగతిలోకి వెళ్లిపోయాను.

నడవాలో కాగితం చదివింది. ఒకటో నంబరు దగ్గర వేలు పెట్టి, తువాలు భుజాన వేసుకుని, "ఎటు?" అంది.

రిమ్మా ల్వోవ్నా నా మోచేయి గిల్లి, "చిన్న మరమ్మతు, ఒక్క గంటలో వచ్చేస్తాయని చెప్పు," అంది.

"ఒక్క గంటలో వచ్చేస్తాయి, అని ఈవిడ అంటోంది," అని చెప్పాను.

గంట అయింది. "ఇంకో గంట," అంది రిమ్మా ల్వోవ్నా.

"ఇంకో గంట, అని ఈవిడ అంటోంది."

ఏడుగురూ నడవాలో తువాళ్లతో వరసగా కూర్చున్నారు. మూడో గంట అడగడానికి రిమ్మా ల్వోవ్నా నోరు తెరవబోతుంటే హస్నా టీచర్ నా వైపు తిరిగింది.

"ఆవిడ ఏమంటోందో విన్నాం. నువ్వేమంటావు?"

నాలుగేళ్లలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. "పద్నాలుగు రోజులు," అన్నాను. వెనకున్నవాళ్లకి వినబడలేదంటే పది వేళ్లు చూపించి, తర్వాత నాలుగు చూపించాను. వేళ్లు రిమ్మా ల్వోవ్నాకి కూడా అర్థమయ్యాయి.

ఆవిడ ముఖం బీట్‌రూట్ సూప్ రంగుకొచ్చింది. నా మీద వేలు పెట్టి, "ఆ కాగితం రాసింది నేను కాదు, ఈ పిల్ల. తప్పు ఈ పిల్లది. చెప్పు వాళ్లకి. ఇంగ్లీషులో చెప్పు," అంది.

ఇంకెవరికీ ఇంగ్లీషు రాదు కాబట్టి నా మీద చాడీని నేనే చెప్పాను. వ్యాకరణం తప్పు రాకుండా చెప్పాను.

అప్పుడు వంటింట్లోంచి జోయా పిన్ని బకెట్టుతో బయటికొచ్చింది. పొద్దుటి నుంచి పొయ్యి మీద నాలుగు పెద్ద గిన్నెలు పెట్టింది. పిన్నీ ఈ పేటే, ఇంట్లో నీళ్లు లేక ఇక్కడ తలంటుకుందామనుకుంది.

"తప్పుకో రిమ్మా, కాలుతుంది."

రిమ్మా ల్వోవ్నా రెండు చేతులూ చాపి దారికి అడ్డం నిలబడింది. "బకెట్టా? విదేశాల నుంచి వచ్చినవాళ్లకి బకెట్టా జోయా? మనల్ని ఏ కాలం వాళ్లనుకుంటారు? ముందు నన్ను చంపి తర్వాత ఆ బకెట్టు తీసుకెళ్లు."

"నీళ్లు చల్లారతాయి. నిన్ను తర్వాత చంపుతా, తప్పుకో."

హస్నా టీచర్ లేచి వచ్చింది. రిమ్మా ల్వోవ్నా చేతి కింద నుంచి తల పెట్టి బకెట్టులోకి చూసింది. ఆవిరి కళ్లద్దాలకి పట్టింది. తుడుచుకుని, పిన్ని చేతిలోని పిడి చెంబు అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా ఇంట్లో రోజూ స్నానం ఇలాగే," అంది. "ఇది ఉండగా రెండు గంటలు ఎందుకు కూర్చోబెట్టారు?"

దాన్ని రిమ్మా ల్వోవ్నాకి అనువదించాను. జీవితంలో ఏ పనీ అంత ఇష్టంగా చేయలేదు.

ఆవిడ నమ్మలేదు. "మర్యాదకి అంటున్నారు. వాళ్లు మర్యాదస్తులు."

మర్యాదస్తులు ఏడుగురూ ముందు నేనంటే నేనని బకెట్టు చుట్టూ మూగారు. జోయా పిన్ని "చివర ఎవరు?" అని గట్టిగా అరిచింది. రష్యన్ రాకపోయినా ఒకావిడ చెయ్యెత్తింది. అంటే ఆ సూచన పనిచేస్తోంది.

సాయంత్రం దాకా నీళ్లు మోశాను. చేతులు లాగేస్తున్నాయి. లోపల నీళ్లు పోసుకుంటూ ఎవరో పాట అందుకున్నారు. రిమ్మా ల్వోవ్నా తలుపుకి చెవి ఆనించి, "తిట్టడం లేదు కదా?" అంది.

"తిడుతున్నారు. రాగం తీసి తిడుతున్నారు," అన్నాను.

జూన్ 19

గోడ మీద కొత్త కాగితం. పాతదాని కింద, "కూర్పు" దగ్గర ఆవిడ పేరు మీద తెల్లరంగు పూసి, ఇది అంటించింది:

"పై సూచనలను కూర్చినది మా పనిమనిషి తాయిసియా గొర్దేయెవ్నా క్రుగ్లోవా. వేడినీళ్ల విషయంలో ఆమె చేసిన పొరపాటుకు చింతిస్తున్నాము. – యాజమాన్యం."

నిలబడి మూడుసార్లు చదివాను. తండ్రి పేరుతో సహా వేసింది. నాలుగేళ్లలో నన్ను "తాయా" అని తప్ప పిలవని మనిషికి తప్పు మోపడానికి పూర్తి పేరు గుర్తొచ్చింది.

ఇప్పుడు ఇరవై సూచనల కింద నా పేరుంది. పదమూడు నేను రాసినవి, ఆరు ఆవిడ చెడగొట్టినవి, ఒకటి పచ్చి అబద్ధం. అయినా అచ్చులో ఉంది. నలుగురి కళ్లబడే చోట ఉంది.

జూన్ 20

రెండు కాగితాలూ ఫోటో తీసి స్టేషన్‌కి వెళ్లాను.

వెనియమిన్ సవేల్యెవిచ్ కళ్లజోడు పైకి నెట్టి వెనక నుంచి మొదలుపెట్టి చదివాడు, ఇరవై నుంచి కిందికి. మినీబస్సు దగ్గర నవ్వాడు. నవ్వితే బొజ్జ కదిలింది. ఆగస్టులో ఆ కిటికీ వెనక నేను ఏ కుర్చీలో కూర్చుంటానో చూసుకున్నాను. కుర్చీకి ఒక కాలు కుంటిది, బాగు చేసుకోవచ్చు అనుకున్నాను.

ఒకటో నంబరు దగ్గరికొచ్చాడు. నవ్వు ఆగింది.

"నువ్వుండేది ఏ పేటమ్మా?"

"స్టేషన్ వెనకే."

"నేనూ అక్కడే. పొద్దున కెటిల్లో నీళ్లు కాచుకుని గడ్డం గీసుకున్నా." గడ్డం మీద కాగితం ముక్క అంటించుకుని ఉన్నాడు, తెగినచోట. "ఏ గంటలోనైనా వేడి షవర్ దొరికే ఇల్లు మా పేటలో ఎక్కడుందో నాక్కూడా చెప్పు, వెళ్తాను."

"అది నేను రాయలేదు."

"కింద నీ పేరుంది."

"పేరు నాది. మాట నాది కాదు."

"కాదని తెలిసే పట్టుకొచ్చావా?"

నా జవాబులన్నీ మెట్లెక్కుతూ అనుకునేవే, ఇక్కడ మెట్లు లేవు.

"చూడమ్మా," అన్నాడు, తిట్టకుండానే. తిడితే బాగుండేది. "ఇక్కడ కూర్చున్నవాళ్లు ఒక్క అబద్ధం చెప్తే ఒక కుటుంబం తప్పు రైలెక్కుతుంది. మిగతావి బాగా రాశావు. నీ పేరుతో నిజమైన కాగితం గోడ మీద ఉంటే చూపించు. ముప్పై దాకా టైముంది."

జూన్ 21

ఊరికే చూపించడానికి తీసుకెళ్లాను. వేరే ఉద్దేశం లేదు.

జూన్ 22

ఉంది.

జూన్ 24

టీచరమ్మలు వెళ్లిపోయారు. వారం రోజులు రోజూ బకెట్లు మోశాను. మూడో రోజు నుంచి వాళ్లే పొయ్యి దగ్గర నిలబడ్డారు. జోయా పిన్నికి వాళ్ల పచ్చడి ఒకటి నేర్పారు, పిన్ని దాన్ని అట్లలో పెట్టి మాకు తినిపించింది. రిమ్మా ల్వోవ్నా కళ్లలో నీళ్లు వచ్చాయి. కారం వల్ల.

బయల్దేరే ముందు అందరం ఒక నిమిషం కూర్చున్నాం. పందొమ్మిదో సూచన. చదివి వాళ్లే పెట్టెల మీద కూర్చున్నారు, పెట్టె మీద చోటు చాలక ఒకావిడ రిమ్మా ల్వోవ్నా ఒళ్లో సగం కూర్చుంది. ఎవరూ మాట్లాడకూడదు. హస్నా టీచర్ మాత్రం నిమిషం అవ్వగానే గోడ వైపు చూపించి అడిగింది.

"ఇంతకీ ఇది నువ్వు రాయలేదు కదూ? నీళ్లది."

"లేదు."

"మరి పేరెందుకు ఉంచావు?"

ఊరికే నవ్వాను. టీచర్లు ఆ నవ్వుని కొన్నివేల సార్లు చూసి ఉంటారు.

"ఇరవై ఎనిమిదిన మా స్నేహితులు పన్నెండు మంది వస్తున్నారు, మధ్యాహ్నం ఒంటిగంట రైలుకి. అప్పటికీ నీళ్లుండవు కదా? వాళ్లకి ముందే చెప్పు. చెప్పకపోతే మాలాగే గంటలు గంటలు కూర్చోవాలి."

వాళ్లు వెళ్లాక రిమ్మా ల్వోవ్నా, "ఏమంది?" అంది.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకటో నంబరు తిరిగి పెట్టమన్నాను.

"పెడితే రారు తాయా."

"ఏడుగురు వారం రోజులు ఉన్నారు."

"వాళ్లు మంచివాళ్లు."

"వచ్చేది వాళ్ల స్నేహితులే."

ఆవిడ కాసేపు కిటికీలోంచి దూది చూసింది. నిజంగా భయపడుతోందని అప్పుడు తెలిసింది. ఈ పద్నాలుగు గదులు తప్ప ఆవిడకి ఏమీ లేదు, ఊరి పరువంతా తన కుళాయిలోంచే కారిపోతుందనుకుంటుంది. జాలేసింది. జాలి వల్లే నాలుగేళ్లు గడిచాయి.

"రా, టీ తాగుదువు గాని," అంది.

వద్దన్నాను. మొదటిసారి.

జూన్ 25

ఉత్తరం అసలు ప్రతిని ఆవిడ బల్ల మీద పెట్టి వచ్చాను, పొద్దున ఎనిమిదికి, గదిలోకి వెళ్లి మరీ. కాపీ ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను, తర్వాత నేనిలా అనలేదని నాకు నేనే చెప్పుకోకుండా.

"రిమ్మా ల్వోవ్నా,

మీరు నా పేరుని రెండుసార్లు తప్పుగా వాడారు. నేను రాసినదాని కింద నుంచి తీసేశారు. నేను రాయనిదాని కింద పెట్టారు. రెండోసారి నేనూ ఊరుకున్నాను, ఎందుకంటే అచ్చులో నా పేరు చూసుకుని పొంగిపోయాను. ఆ తప్పు నాది, మీ మీద వేయను.

క్షమాపణ కాగితం పీకేయాలి. పైదాంట్లో మీరు మార్చినవన్నీ నేను రాసినట్టు తిరిగి రావాలి, పూలతో సహా. ఒకటో నంబరు ఇలా ఉండాలి:

'ఎండాకాలంలో ఈ నగరంలో ఒక్కో పేటకి పద్నాలుగు రోజులు వేడినీళ్లు రావు. ఎవరినీ తిట్టి లాభం లేదు, పైపులు తనిఖీ చేస్తారు. బయల్దేరే ముందే మీ బసకి ఫోన్ చేసి తేదీలు అడగండి. 'ఒక్క గంటలో వస్తాయి' అంటే నమ్మకండి. బకెట్టు, చెంబు అడగండి. కాచిన నీళ్లు మేం ఇస్తాం.'

కింద నా పేరు, పూర్తిగా. నేల తుడిచేదాన్నని కూడా రాయండి, అది అబద్ధం కాదు.

పీకడానికి సుత్తి నా దగ్గరుంది, మేకులు నేనే తీస్తాను. మీరు సరే అనాలి, అంతే.

ఒప్పుకోకపోతే ఇరవై ఎనిమిదిన ఒంటిగంటకి రైలు వచ్చేసరికి నేను ప్లాట్‌ఫారం మీద ఉంటాను. ఒకటో నంబరు చేత్తో రాసిన పన్నెండు కాగితాలు ఉంటాయి, కింద నా పేరుతో. ప్లాట్‌ఫారం మీ నడవా కాదు, అక్కడ చదివిందాన్ని మీరు మార్చలేరు. ఆ తర్వాత నన్ను పనిలోంచి తీసేస్తే తీసేయండి. బకెట్లు మోయడానికి ఆ రోజు సాయంత్రం దాకా మాత్రం ఉంటాను, ఎందుకంటే వాళ్లు స్నానం చేయాలి.

జవాబు నోటిమాటగా వద్దు. కాగితం మీద, మీ సంతకంతో, ఇరవై ఏడు, శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు లోపు నాకు అందాలి.

తాయిసియా గొర్దేయెవ్నా క్రుగ్లోవా"